సార్టర్ లేని పోస్టాఫీసు

శ్రీకాకుళం,
ఆదివారం.

అమ్మలూ,

మొన్న రాత్రి ఫోనులో, జనం యాప్‌లో పెట్టే చెడ్డ రాతలూ బొమ్మలూ చూసి తీసేసే నీ ఉద్యోగం గురించి నువ్వన్న మాట నన్ను నిద్రపోనివ్వలేదు. "నేనిక్కడ తీసేస్తే వాళ్ళు ఇంకో యాప్‌లోకి పోయి అదే పెడుతున్నారు నాన్నా. ఇంక నా పని ఎందుకు?" అన్నావు. నేనేమో అన్నం తిన్నావా అని అడిగి పెట్టేశాను. 36 ఏళ్ళు ఉత్తరాలు పంచినవాణ్ణి, కాగితం మీద పెడితే గాని నాకు ఆలోచన కుదరదు.

నువ్వు పుట్టకముందు సంగతి ఒకటి చెబుతాను. 1984లో నేను పాతపట్నం వైపు ఒక పల్లెలో పోస్టుమాన్‌ని. ఆ రోజుల్లో వేంకటేశ్వరస్వామి పేరుతో కార్డులొచ్చేవి. "ఈ కార్డు అందినవారు 21 మందికి రాయవలెను. రాసినవానికి లాటరీ తగిలినది. చింపినవాడు రక్తము కక్కుకొని చనిపోయినాడు." ఒక ముసలామెకి అలాంటిది వచ్చింది. చదువు రాదు, అరుగు మీద కూర్చుని నేనే చదివి వినిపించాను. మర్నాడు కోడిపెట్టని అమ్మేసి 21 కార్డులు కొనుక్కుంది. కార్డు 15 పైసలు, మొత్తం 3 రూపాయల 15 పైసలు. రాసిపెట్టిందీ నేనే, ముద్ర కొట్టి సంచిలో వేసిందీ నేనే. బెదిరింపు రాతలూ బూతు రాతలూ పోస్టులో పంపకూడదని 1898 నాటి పోస్టాఫీసు చట్టంలో 20వ సెక్షనే ఉండేది. డిపార్టుమెంటు పరీక్షకి బట్టీ కూడా పట్టాను. అయినా అది బెదిరింపని నాకు తట్టలేదు. దేవుడి పేరుంది, బూతు ముక్క ఒక్కటీ లేదు మరి!

అందుకే నువ్వు పోయిన నెల చెప్పిన పోస్టు నాకు అంతగా గుచ్చుకుంది. "ఊరి చివర పాకలవాళ్ళకి ఈసారి దీపావళి ముందే వస్తుంది." అంటే పాకలు తగలబెడతామని. రాతలు వడపోసే మెషీన్ దాన్ని పండగ శుభాకాంక్షలని వదిలేసిందన్నావు. అదే మన కుర్రాడెవడో క్రికెట్ చూసి "సంపీసినావురా నాయనా" అని మురిసిపోతే హత్యా బెదిరింపని పట్టుకుందట. ఆ రెండిటికీ తేడా తెలియాలంటే ఈ నేల మీద పెరిగిన మనిషి కావాలి. ఆ మనిషివి నువ్వు.

ఇంక ఆ వేరే యాప్‌ల సంగతి. మీ తమ్ముడు ఒకటి వేసుకున్నాడులే. "ఇందులో ఎవడూ ఏదీ తియ్యడు, అసలైన స్వేచ్ఛ" అని నాకు చూపించాడు. కళ్ళజోడు పెట్టుకుని పది నిమిషాలు చూశాను. ఎవరో ఒకావిడ మర్యాదగా రెండు ముక్కలు రాస్తే కింద నలభై మంది పడి కరిచారు. ఆవిడ మళ్ళీ కనబడలేదు. ఆవిడ స్వేచ్ఛ ఏమైందిరా అంటే వాడు నవ్వాడు.

నువ్వు పంపిన కాగితాలు కూడా వాడిచేతే ప్రింటు తీయించి చదివాను. అమెరికాలో గ్యాబ్ అనే సైటు 2016లో ఇదే స్వేచ్ఛ పేరు చెప్పి పెట్టారట. 2018 అక్టోబరు 27న పిట్స్‌బర్గ్‌లో యూదుల ప్రార్థనామందిరంలో 11 మందిని చంపినవాడు, బయల్దేరే ముందు అందులో రాసి మరీ వెళ్ళాడు. ఆ తర్వాత సర్వర్లిచ్చేవాళ్ళు పొమ్మన్నారు, చెల్లింపులవాళ్ళు పొమ్మన్నారు. కొద్ది రోజులకే ఇంకోచోట తెరుచుకుంది. ఇక్కడిదాకా నువ్వన్నదే నిజం.

కానీ న్యూజిలాండ్‌ది చూడు. 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని పొట్టన పెట్టుకున్నవాడు కబురు పెట్టింది 8చాన్ అనే సైటు మూలగదిలో. ప్రత్యక్షంగా చూపించింది మాత్రం ఫేస్‌బుక్‌లో. వాడికీ తెలుసు, జనం ఉన్నది బజార్లోనని! ఒక్క రోజులో ఆ వీడియో కాపీలు 15 లక్షలు తీశామని ఫేస్‌బుక్ చెప్పింది. అందులో 12 లక్షల పైచిలుకు ఎక్కకముందే ఆపినవి. నువ్వు కూర్చున్నది ఆ బజారు గుమ్మంలో అమ్మలూ. 1984లో ఆ కార్డు నేను పక్కన పెట్టేసి ఉంటే, రాసినవాడి బుద్ధేమీ మారేది కాదు. ముసలామెకి కోడి మిగిలేది. ఇంకో 21 ఇళ్ళు హాయిగా పడుకునేవి.

నువ్వు పంపిన కాగితాల్లోనే, రెడ్డిట్ అనే చర్చల సైటువాళ్ళు 2015లో ద్వేషం నూరే గుంపులు మూసేస్తే, అక్కడే ఉండిపోయినవాళ్ళ రాతల్లో ఆ మాటలు 80 శాతం తగ్గాయని ఉంది. ఇంకో గుంపు సొంత సైటు పెట్టుకుపోతే మంది పలచబడ్డారు గాని, మిగిలినవాళ్ళు మరింత ముదిరారని కూడా ఉంది. రెండోది నీకు దాచను. మన దేశంలో 2021 ఐటీ రూల్సులో, ఏం తీశారో నెలనెలా లెక్కలు చెప్పాల్సింది వాడేవాళ్ళు 50 లక్షల మంది దాటిన సైట్లే. అంతకన్నా చిన్నగదులకి ఆ బాదరబందీ లేదు.

ఇంకొకటి. ఇది నీకే రాస్తున్నాను, మీ ఆఫీసువాళ్ళకి కాదు. తీవ్రవాది అన్న మాట మన జిల్లాలో తేలిగ్గా అనకూడదు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్‌ సభకి వెళ్తున్న గిరిజనులు కోరన్న, మంగన్నలను లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ తర్వాత పోరాటానికి కొండెక్కినవాణ్ణీ, కొండెక్కినవాడికి చుట్టమైనవాణ్ణీ ఒకే పేరు పెట్టి పిలిచేవారు. మా మేనమామ బడిపంతులు, తుపాకీ ఎరగడు. ఆయనకొచ్చే కవర్లు విప్పి మళ్ళీ అతికించి వచ్చేవి. అంచు మీద ఎండిన జిగురు గోటితో గీకి చూపించేవాడు. అందుకే, పైవాళ్ళు ఇచ్చిన జాబితాలో పేరుంది కదా అని దేన్నీ తియ్యకు. తీసినప్పుడు ఎందుకు తీశావో రాసిపెట్టు. అవతలివాడు మళ్ళీ అడగడానికి దారి ఉందో లేదో చూడు.

నీ సంగతికొస్తాను. కళ్ళు మూసుకుంటే ఆ బొమ్మలే కనబడుతున్నాయని మీ అమ్మతో అన్నావట, నాతో అనలేదు. ఆ పని చేసి మనసు దెబ్బతిన్నవాళ్ళు అమెరికాలో దావా వేస్తే ఫేస్‌బుక్ 2020లో 5 కోట్ల 20 లక్షల డాలర్లకి ఒప్పుకుంది. అది అక్కడివాళ్ళకే. హైదరాబాదులో కూర్చున్న నీకు మీ కంపెనీ ఇచ్చింది తెలుగు రాని కౌన్సిలరు, నెలకోసారి. మా ఆర్‌ఎంఎస్‌లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసులో, రాత్రంతా రైల్లో సార్టింగు చేసినవాడికి మర్నాడు రెస్టు ఇచ్చేవారు. వాళ్ళు చూసింది అడ్రసులే.

పది రోజులు సెలవు పెట్టు. వాళ్ళు కుదరదంటే ఇంక ఆ ఉద్యోగం గురించి ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం. విశాఖ ఎక్స్‌ప్రెస్‌కి టిక్కెట్టు చూడమని తమ్ముడికి చెప్పాను. ఆమదాలవలసలో దిగు, ఆటో మాట్లాడకు, స్కూటరు తెస్తాను. పెరట్లో పనసకాయ ఒకటి లేతగా ఉంది, నువ్వొచ్చేదాకా కొయ్యనివ్వనని మీ అమ్మ కాపలా కాస్తోంది.

మీ నాన్న