డోర్నకల్ బిషప్ జీవితం రిజిస్టర్లలో ఉంది

తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్ సంచాలకుల వారికి,

నమస్కారం.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య గురించి ఎక్కడ చూసినా ఒక్క ముక్కే కనిపిస్తుంది: ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి సంప్రదాయపు) సంఘంలో తొలి భారతీయ బిషప్ అని. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయన అభిషేకం జరిగింది. అక్కణ్ణుంచి 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూసేదాకా చేసిన పని మాటేమిటి? తిరునల్వేలి వైపు పుట్టిన తమిళుడు, వైఎంసీఏ కార్యదర్శి ఉద్యోగం వదిలి 1909లో నిజాం ఇలాకాకు వచ్చి, తెలుగు నేర్చుకుని పల్లెలు తిరిగారు. ఆ తిరుగుడు ఆనవాళ్లు వెతకాల్సింది పాత చర్చి రిజిస్టర్లలో.

ఆంగ్లికన్ పద్ధతిలో బాప్తిస్మం పాస్టరు ఇవ్వొచ్చు. కన్ఫర్మేషన్‌కు, అంటే బాప్తిస్మం పొందినవారిని విశ్వాసంలో స్థిరపరిచే ఆరాధనకు, మాత్రం బిషపే వచ్చి తల మీద చేతులుంచాలి. కాబట్టి కన్ఫర్మేషన్ రిజిస్టర్లో తేదీ, ఊరు దొరికితే బిషప్ ప్రయాణం దొరికినట్టే. సహాయ బిషప్ వచ్చిన రోజులూ ఉంటాయి గనుక సంతకం చూడాలి. బాప్తిస్మ రిజిస్టర్లో తల్లిదండ్రుల పేర్లు, ఊరు, వృత్తి రాస్తారు. సెంటు భూమి లేని మాల, మాదిగ కుటుంబాలు రెవెన్యూ కాగితాల్లోకి ఎక్కడమే అరుదు. వాళ్ల మనవలకు ఇదే ఆధారం.

మా మనవి: ముందు ఏ చర్చిలో ఏ సంవత్సరాల పుస్తకాలు మిగిలాయో జాబితా కట్టించండి. అసలు పుస్తకాలు సంఘాలవి. వాటిని హైదరాబాదు తరలిస్తామంటే ఎవరూ బీరువా తెరవరు. స్కానర్‌నే ఊరికి పంపండి.

దయచేసి ఎవరినీ లామినేషన్ చేయనివ్వకండి. పాత ఇనప సిరాలో ఆమ్లం ఉంటుంది. గాలిలో తేమ పెరిగితే అక్షరం ఉన్నచోటే కాగితాన్ని తినేస్తుంది. దానిమీద వేడితో ప్లాస్టిక్ అతికిస్తే ఇక విడదీయలేం. సెల్లోటేపు కూడా అంతే, జిగురు పసుపెక్కి కాగితంలోకి ఇంకుతుంది. కుట్టు విప్పకుండా, పుస్తకాన్ని పూర్తిగా పరచకుండా, రెండు వైపులా ఆనించి పైనుంచి ఫొటో తీయాలి. 400 డీపీఐ (అంగుళానికి 400 చుక్కలు), నాణ్యత తగ్గని టిఫ్ ఫైళ్లు. ఖాళీ పేజీలూ వదలకూడదు, వదిలితే చిరిగిపోయిన పేజీ ఏదో, రాయని పేజీ ఏదో తర్వాత తేలదు. ఫైలు పేరులోనే ఊరు, రిజిస్టర్ రకం, సంవత్సరం, పేజీ ఉండాలి. ఒక ప్రతి సంఘానికి, ఒకటి మీకు. సూచికలో పేర్లను రాసినవి రాసినట్టే ఎక్కించాలి, ఇప్పటి స్పెల్లింగుకు దిద్దకూడదు.

ఒక చిక్కుంది. అజరయ్య కాలంలో డోర్నకల్ అధ్యక్ష మండలం (బిషప్ పరిధిలోని ప్రాంతం) మచిలీపట్నం, ఏలూరు, నంద్యాల దాకా పెరిగింది. 1947లో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడినప్పుడు కృష్ణా గోదావరి మండలం విడిపోయింది. నంద్యాల ప్రాంతం అప్పట్లో ఆ సంఘంలో చేరనే లేదు. అందుకే ఆంధ్రప్రదేశ్ ఆర్కైవ్స్‌తో కలిసి ఒకే సూచిక తయారు చేయించాలి.

పని డోర్నకల్‌లోనే మొదలుపెట్టండి, 1939 జనవరి 6న ఆయన ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెథడ్రల్ నుంచి. అన్నిటికంటే ముందు 1913 నుంచి 1944 వరకు ఉన్న కన్ఫర్మేషన్ రిజిస్టర్లు, అందులోనూ చెదలు పట్టినవి వానాకాలం రాకముందే.

ఇట్లు,
చర్చి చరిత్ర అధ్యయనకారులు