తాడు పట్టిన పిల్లలకు, బండి తాళం తీసుకున్న అన్నకు

పోయిన నెల మొదటి ఆదివారం మధ్యాహ్నం భువనగిరి కోట మీద కాలు మడతపడి కూలబడిన ఒకాయనను మీలో కొందరు కిందికి దించారు. ఆయన మా ఆయనే. రెండు బ్యాగులూ భుజాన వేసుకుని, ఏం చేయాలో తోచక కనబడ్డ వాళ్లందరినీ కసురుకున్న మనిషిని నేను. ఆ హడావిడిలో ఎవరి పేరూ అడగలేదు, నోరారా థాంక్స్ కూడా చెప్పలేదు. ఇన్నాళ్లూ అదే మనసులో ముల్లులా ఉంది. మీలో ఒక్కరు చూసినా మిగతావాళ్లకు చెబుతారని రాస్తున్నాను.

మేముండేది ఉప్పల్‌లో. ఇద్దరం కలిసి ఒక పూట ఎటైనా వెళ్లి ఏడాది దాటింది. "నలభై కిలోమీటర్లు కూడా కష్టమే, బండి మీద గంట. ఎక్కి, దిగి, భోజనానికి ఇంట్లో ఉంటాం" అన్నారు ఈయన. ఆరింటికి బయల్దేరాల్సింది ఎనిమిదైంది. అది నా వల్లే, ఒప్పుకుంటున్నాను. బీబీనగర్ దగ్గర ఇడ్లీ తిని, కొండ కింద బండి పెట్టేసరికి పది కావొస్తోంది. చలికాలమే కదా, ఎండ ఏం చేస్తుందిలే అనుకున్నాం.

చూడ్డానికి అది పెద్ద కొండ కాదు. ఐదు వందల అడుగులకు కొంచెం పైన. కానీ ఆ కొండంతా ఒకటే బండరాయి అన్న సంగతి కాలికింద పడితేగానీ అర్థం కాదు. కింద మెట్లున్నంత సేపూ బాగానే ఉంది. ఆ తర్వాత రాతి వాలు, పట్టుకోవడానికి ఇనప కడ్డీలు. ఈయన ముందురోజు రాత్రంతా చరిత్ర చదువుకుని వచ్చారు. చాళుక్యుల్లో ఆరో విక్రమాదిత్యుడికి త్రిభువనమల్లుడని బిరుదట, ఆయన పేరు మీద త్రిభువనగిరి, అదే భువనగిరి అయిందట. ఆయాసం వచ్చిన చోటల్లా ఆగి ఒక సంగతి చెప్పేవారు. సర్వాయి పాపన్న దగ్గరికి వచ్చేసరికి మూడుసార్లు ఆగాం. పైన గాలి మాత్రం ఎంత బాగుందో! రాతి గుంటల్లో నిలిచిన నీళ్లు, కూలిన గోడలు, కింద అగ్గిపెట్టెల్లా ఊరు. ఆ గోడ నీడలో కూర్చుని ఇద్దరం అరగంట ఏమీ మాట్లాడుకోలేదు. దాని కోసమే వచ్చినట్టనిపించింది.

దిగేటప్పుడు జరిగింది. ఆ రాయి పైపొర పొరలు పొరలుగా లేచి, రాలి, సన్నటి ఇసకలా పడి ఉంటుంది. ఎక్కేటప్పుడు తెలియదు. దిగేటప్పుడు నున్నటి వాలు మీద ఆ ఇసక పడితే కందిపప్పు మీద కాలేసినట్టే. ఈయన షూ అడుగు అరిగిపోయి, మార్చమని దీపావళి నుంచి చెబుతున్నాను. కుడికాలు జారింది, ఎడమకాలు లోపలికి మడతపడింది. లేవబోయి మళ్లీ కూర్చున్నారు. మొహమంతా చెమట. పక్కనే ఒకబ్బాయి ఫోన్ తీసి వీడియో తీస్తున్నాడు, వాడి గురించి రాయను. 108కి ఫోన్ చేద్దామా అంటే, ఆ వాలు మీదికి స్ట్రెచర్ ఎలా వస్తుందో ఊహించుకుని నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

అప్పుడొచ్చారు మీరు, హెల్మెట్లు పెట్టుకుని, భుజాల మీద తాళ్లతో. ముగ్గురబ్బాయిలు, ఒక అమ్మాయి. పదిహేడేళ్లుంటాయో లేదో. గురుకుల బడి పిల్లలు పూర్ణ, ఆనంద్ 2014లో ఎవరెస్టు ఎక్కడానికి ముందు రాళ్లెక్కడం నేర్చుకున్నది ఈ బండ మీదేనని పేపర్లో చదివాను. మిమ్మల్ని చూసేదాకా అది గుర్తే రాలేదు.

నేను షూ విప్పబోతుంటే నువ్వు నా చెయ్యి పట్టుకుని ఆపావు తల్లీ. "విప్పకండక్కా. విప్పితే వాపుకి మళ్లీ పట్టదు. కిందికి పోయినంక తీద్దాం" అన్నావు. మోకాళ్ల మీద కూర్చుని, లేసులు మొదటి కన్నం నుంచి ఒక్కొక్కటే లాగి బిగించి, నీ తల మీది తువ్వాల తీసి మడమ కింద నుంచి చుట్టి ముడేశావు. నీ గోళ్ల నిండా సుద్దపొడి. అది ఇప్పటికీ కళ్లముందే ఉంది.

ఈయన నడుముకి మీ బెల్టు కట్టి, పైన ఒకబ్బాయి కడ్డీకి చుట్టి తాడు వదులుతుంటే, అటొకరు ఇటొకరు పట్టుకున్నారు. "కూర్చునే జరగండన్నా, సిగ్గుపడితే పడతారు" అన్నాడు వాళ్లలో చిన్నవాడు. ఈయన నవ్వారు. పడ్డాక ఆయన నవ్వడం అదే మొదలు. మామూలుగా పావుగంట పట్టే దారి గంటకు పైగా పట్టింది. ప్యాంటు వెనకంతా చిరిగిపోయింది. మెట్ల దగ్గరికి రాగానే మీ సారు ఈల వేశారు, మీరు అందరూ ఒకేసారి పరుగెత్తారు. తిరిగి చూసేసరికి తాళ్లు కూడా కనబడలేదు.

కింద మజ్జిగ అమ్మే పెద్దమ్మా, నేను నీళ్లు తాగబోతే సీసా లాక్కుని, "గింత చెమట పోయినంక ఉత్త నీళ్లేంది బిడ్డా" అని ఉప్పేసి మజ్జిగ ఇచ్చావు. డబ్బులిస్తే ఒక గ్లాసువే తీసుకున్నావు. మేం తాగింది నాలుగు. ఐస్ గడ్డ కొట్టి గుడ్డలో చుట్టిచ్చిన సోడా బండాయన, ఎక్స్‌రే అయ్యేదాకా ఆసుపత్రి బయటే కూర్చున్న ఆటో అన్న, మీకు కూడా. ఎముక విరగలేదు. లిగమెంటు బెణికిందట, మూడు వారాలు కట్టు అన్నారు.

ఇక బండి. నాకు గేర్ల బండి రాదు. మా తమ్ముడు కారు తెస్తున్నాడు గానీ బండి ఏం చేయాలో తెలియక రోడ్డు మీద నిలబడ్డాను. పెద్దమ్మ కొడుకు వచ్చి, "తాళం ఇయ్యి చెల్లె, మా ఇంట్ల పెడత. మంచిగైనంక రాండ్రి" అన్నాడు. ముక్కూ మొహం తెలియని మనిషికి లక్ష రూపాయల బండి తాళం ఎలా ఇచ్చానో ఇప్పుడు ఆలోచిస్తే ఆశ్చర్యమే. కారెక్కాక మా తమ్ముడు తిట్టాడు కూడా. వాడి మాటలకు ఆ రాత్రి నాకూ కొంచెం టెన్షన్ పట్టుకుంది. అలా అనుకున్నందుకు అన్నా, మన్నించాలి.

పన్నెండు రోజులకు మా తమ్ముడితో వచ్చి చూస్తే బండి వాకిట్లో రేకుల కింద ఉంది. సీటు మీద కోళ్లు ఎక్కి పాడుచేయకుండా గోనెసంచి కప్పి, నాలుగు మూలలా సుతిలితో కట్టి ఉంది. బండి కిక్కుకే స్టార్టయింది. "రోజు జెర సేపు నడిపిచ్చిన, లేకుంటె బ్యాటరీ దిగుతది" అన్నాడు. నేను తెచ్చిన స్వీట్ డబ్బా పెద్దమ్మ అక్కడే తెరిచి, ఒక ముక్క నా చేతిలోనే పెట్టి, "కాలెట్లున్నది ఆయనకు?" అని అడిగింది. ఆ రోజు కూడా పేర్లు అడగడం మర్చిపోయాను, నమ్మండి.

ఆయన ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నారు. కొత్త షూ కొన్నాం.

చెల్లెమ్మా, నీ తువ్వాల నా దగ్గరే ఉంది. నీలం గళ్లది, ఒక మూల కొంచెం కాలింది. ఉతికి, ఇస్త్రీ చేసి పెట్టాను. ఏ ఆదివారం ప్రాక్టీసుకు వస్తారో ఒక్కమాట చెబితే ఇద్దరం వచ్చి ఇచ్చి వెళ్తాం.