పసుపు చుక్క నేరం

సంపాదకుల వారికి,

గత ఆదివారం మీ వ్యాపార పేజీలో ఐటీ ఉద్యోగుల క్రమశిక్షణ మీద వచ్చిన వ్యాసం చదివాను. వెంటనే రాస్తే మాట తూలుతుందని నాలుగు రోజులు ఆగాను.

ఆఫీసుకు రప్పించి, కార్డు గీకిన టైము చూసి, సిస్టమ్ ముందు కూర్చున్న గంటలు లెక్కగడితే పని పెరుగుతుందని ఆ వ్యాసకర్త సెలవిచ్చారు. నేను 31 ఏళ్లు స్పిన్నింగ్ మిల్లు టైమాఫీసులో హాజరు రాసినవాణ్ణి. గంటల లెక్క ఎక్కడ పనికొస్తుందో నాకు తెలుసు. నూలు వడికే ఫ్రేము ఎనిమిది గంటలు తిరిగితే ఎంత నూలు వస్తుందో ముందే చెప్పొచ్చు. పోగు తెగితే ఎదురుగా కనిపిస్తుంది. మా అమ్మాయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఆ తెగిన పోగు ఎక్కడుందో వెతకడమే సగం పని.

మొన్న ప్రోగ్రాంలో ఒక తప్పు వెతుకుతూ రెండు గంటలు కాగితం మీద గీతలు గీసుకుంది. మౌసు కదలలేదు కాబట్టి ఆఫీసు చాట్‌లో పేరు పక్కన ఆకుపచ్చ చుక్క పసుపైంది, అంటే సీట్లో లేనట్టు లెక్క. తప్పు దొరికింది, సరిచేసింది. మేనేజరు అడిగింది మాత్రం పసుపు చుక్క గురించి! ఇప్పుడు ఆలోచిస్తున్నంతసేపూ ఎడమచేత్తో మౌసు కదుపుతూ కూర్చుంటోంది. ఇంజినీరింగ్ చదివించింది ఇందుకా?

‘నాలెడ్జ్ వర్కర్’ (బుర్రతో పనిచేసేవాడు) అనే మాటను 1959లోనే వాడిన మేనేజ్‌మెంట్ పండితుడు పీటర్ డ్రకర్, వాళ్ల పనికి వాళ్లనే బాధ్యులుగా ఉండనివ్వాలని చెబుతూ వచ్చాడు. ఎంబీఏలో ఆయన్ని పరీక్ష కోసం చదువుతారు, కుర్చీ ఎక్కగానే మిల్లు మేస్త్రీలైపోతారు. మా మేస్త్రీకి కనీసం పోగు అతకడం వచ్చు.

ఇక బెల్ కర్వ్ అనే రేటింగ్ పద్ధతి. టీములో అందరూ బాగా చేసినా ఒకరికి తక్కువ రేటింగ్ వేసి తీరాలట. అలాంటప్పుడు పక్కవాడికి పని ఎవరు నేర్పుతారు? మైక్రోసాఫ్ట్ 2013లోనే ఈ గొడవ వదిలించుకుంది. వాళ్లు పారేసినవి మనం ఏరుకుంటున్నాం.

మా అమ్మాయి వారానికి మూడు రోజులు మియాపూర్ నుంచి ట్రాఫిక్‌లో ఈదుకుంటూ రాయదుర్గం వెళ్తుంది. వెళ్లి చేసేది, హెడ్‌ఫోన్లు పెట్టుకుని పుణెలో ఉన్నవాళ్లతో వీడియో కాల్.

పెద్దవాళ్లేమో వేలంపాట పెట్టారు. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు వారానికి 70 గంటలన్నారు, 2025లో ఎల్ అండ్ టీ ఛైర్మన్ గారు 90కి పాడారు. ప్రభుత్వాలు ఊరుకుంటాయా? 2025లో ఆంధ్రప్రదేశ్ రోజుకు తొమ్మిది గంటల పనిని పది చేసింది, తెలంగాణ కూడా పదికి జీవో ఇచ్చింది. వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైం ఇవ్వాలని తెలంగాణ జీవోలోనే ఉంది. మీ ఆఫీసులో ఇస్తారా అని అడిగితే మా అమ్మాయి నవ్వింది. మిల్లులో అరగంట ఎక్కువ ఉన్నా నేను స్లిప్పు రాసేవాణ్ణి. లేబర్ ఆఫీసర్లు ఎప్పుడైనా రాత్రి పదకొండింటికి ఆ అద్దాల మేడల వైపు తలెత్తి చూశారా? లైట్లు వెలుగుతూనే ఉంటాయి.

మళ్లీ ఇలాంటి వ్యాసం వేసేటప్పుడు ఆ రాసినాయన ఎన్ని గంటలు సీట్లో కూర్చుని రాశారో కూడా కింద అచ్చు వేయండి, కార్డు గీకిన టైముతో సహా.

– ఒక రిటైర్డ్ టైంకీపర్, మియాపూర్, హైదరాబాద్