ఇంజీల్ ఒకటే గదా

కాజీపేట,
ఆదివారం మాపటీలి

బిడ్డా,

నీ ఉత్తరం చదివిన. హాస్టల్ల నీ రూమ్మేటు "మీ బైబిల్‌ను మార్చిండ్రు" అంటే, నువ్వు "ఒక్క అక్షరం గూడ మారలే" అని నోరు మూయించినవట. అమ్మ మురిసింది. నాకు నవ్వొచ్చింది. ముప్పై ఏండ్ల కింద లోకో షెడ్డుల నేనూ గీ మాటే అన్న.

భాయ్ పెదనాయిన నీకెరుకే గదా. ఓనాడు టిఫిన్ డబ్బా ఇప్పుకుంట అడిగిండు: "ఈసాకు దిగిన ఇంజీల్ ఒకటే గదా, మీ దగ్గర నాలుగెట్లున్నయి?" ఈసా అంటే యేసు, ఇంజీల్ అంటే సువార్త; మన బైబిల్ల సువార్తలు నాలుగు గదా. నేను ఊకుంటనా? ఖురాన్ ఐదో సూరా, అంటే అధ్యాయం, 47వ ఆయత్, అంటే వచనం, ఎత్తిన. ఇంజీల్ వాళ్లు దాంట్ల అల్లా దింపినదాన్ని బట్టే తీర్పు చెయ్యాలని ఉంది, చెడిపోయిన పుస్తకంతోని తీర్పు చెయ్యిమంటడా అన్న. ఆయన చపాతీ నములుకుంట "రెండో సూరా 79 గూడ చదువు" అన్నడు. సొంత చేతులతోని రాసి, ఇది అల్లా దగ్గరికెల్లి వచ్చిందనేటోళ్లకు నాశనమని అండ్ల ఉంటది.

ఆ రాత్రి మన తెలుగు బైబిల్, తాత దాచిన కింగ్ జేమ్స్ అనే పాత ఇంగ్లిషు బైబిల్ పక్కపక్కకు పెట్టిన. యోహాను మొదటి పత్రిక, ఐదో అధ్యాయం. ఇంగ్లిషుల, పరలోకంల సాక్ష్యమిచ్చేటోళ్లు ముగ్గురు, తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ అని ఉంది. తెలుగుల ఆత్మ, నీళ్లు, రక్తమే. తండ్రి, కుమారుడు, ఆత్మ ముగ్గురూ ఒక్క దేవుడేనన్న త్రిత్వం మీద అంత సూటి మాట, మన దాంట్ల లేనే లేదు! వేలు పెట్టి మూడుసార్లు చూసిన. పాత గ్రీకు ప్రతులల్ల అది లేదని, లాటిన్ దిక్కుకెల్లి వచ్చి చేరిందని తర్వాత తెలిసింది.

1854ల ఆగ్రాల మిషనరీ ఫాండర్‌కు, మౌలానా రహ్మతుల్లా కైరానవీకి బైబిల్ మారిందా లేదా అన్నదాని మీదనే వాదం పడ్డది. మౌలానా పక్కన వజీర్ ఖాన్ అనే డాక్టరు, యూరప్ పండితులు బైబిల్ మీద రాసిన పుస్తకాలే ముందటేసిండు. ప్రతులల్ల తేడాలున్నయని ఫాండర్ ఒప్పుకోక తప్పలే, సారం మాత్రం చెడలేదన్నడు. రెండు రోజులకే ఆగింది. గెలిచింది మేమేనని రెండు దిక్కులా అన్నరు, అది వేరే సంగతి.

అట్లని పుస్తకమే మారిపోయిందంటే నేనొప్ప. సినాయి కొండ మఠంల దొరికిన గ్రీకు ప్రతి నాలుగో శతాబ్దంది, ఇస్లాం రాకముందుది. మనం చదివే నాలుగు సువార్తలే అండ్లున్నయి. మార్కు సువార్త చివరి 12 వచనాలు మాత్రం లేవు, అది గూడ దాయకు.

ఇది భాయ్‌కి చెప్తే, మార్చింది రాత కాదు అర్థం అన్నోళ్లు గూడ మాలో ఉన్నరు అన్నడు. నిజమే, రాతే మార్చిండ్రన్నది స్పెయిన్‌ల ఇబ్న్ హజ్మ్ అసుంటోళ్లు. నీ దోస్తు ఏ దిక్కో ముందు అడుగు. ఏ మాట, ఎప్పుడు మారిందో చెప్పుమను. నువ్వు మాత్రం ముందుగాల మన తేడాలు చూపెట్టు.

సంక్రాంతికి ఆ పిల్లను గూడ తోలుకొని రా, అమ్మ సకినాలు చుడుతది. భాయ్ వస్తడు. నాలుగెట్లున్నయని ఇప్పటికీ అడుగుతనే ఉంటడు.

నీ బాపు