ఫైలుతో పాటు ఒక చీటీ

సంపాదకులకు నమస్కారం.

ఎంవీపీ కాలనీలో పిల్లలకి గాత్రం నేర్పుతుంటాను. నా శ్రుతి, అంటే పాటకి ఆధారంగా పట్టుకునే స్వరం, 5. ఏళ్లుగా అదే. పోయిన నెల మాత్రం నా గొంతు నాకే పరాయిదానిలా వినిపించింది.

ఊళ్లో ఒక స్టూడియోలో కీర్తన పాడి, ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేయించుకున్నాను. మృదంగం చేర్చి మిక్స్ చేయించడానికి ఇంకో చోటికి పట్టుకెళ్లాను. అక్కడి కుర్రాడు దాన్ని ఇంపోర్ట్ చేసి వినిపించగానే "ఇది నేను కాదు బాబూ" అన్నాను. "మీరే మేడమ్, కాస్త హుషారుగా పాడారు" అన్నాడు. బ్యాగులోంచి శ్రుతిపెట్టె తీసి 5కి పెట్టాను, కలవలేదు. ఐదున్నర పెట్టాను, ఊహూఁ. 6కి పెడితే అదీ కాదు. ఆ రెంటికీ మధ్య ఎక్కడో వేలాడుతోంది. 5 నిమిషాల కీర్తన 4 నిమిషాల 36 సెకన్లకే మంగళం పాడేసింది.

సంగతేమిటంటే, మొదటి చోట రికార్డు చేసింది 44.1 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 44,100 శబ్దపు నమూనాల (శాంపిల్స్) చొప్పున. సీడీలకి వాడే లెక్క అది. రెండో చోట ప్రాజెక్టు తెరిచింది 48లో, వీడియోలకి వాడే లెక్కలో. చాలా సాఫ్ట్‌వేర్లు తేడా కనిపెట్టి వాటంతటవే మార్చుకుంటాయి, లేదా మార్చమంటారా అని అడుగుతాయి. కుర్రాడు చదవకుండానే వద్దని నొక్కేశాడు. సెకనుకి 44,100 చొప్పున కూర్చిపెట్టినదాన్ని కంప్యూటర్ 48,000 చొప్పున ఖర్చుపెట్టేసింది.

మృదంగం కథ వేరు. విజయనగరంలో ఉండే ఆయన ఇంట్లోనే వాయించి పంపారు. పల్లవి రెండోసారికి గానీ ఆయన అందుకోరు. ముందున్న నిశ్శబ్దం దండగనుకుని కత్తిరించేశారు. ఇక అది ఏ ఆవర్తనంలో (తాళం ఒక చుట్టు) పడాలో వెతుక్కోవడానికే గంట పట్టింది, స్టూడియోకి గంటల లెక్కన కట్టేదేమో నేను. ఖాళీ ఉన్నా సరే, అందరూ సున్నా నుంచే, అంటే పాట మొదలయ్యే క్షణం నుంచే, ఎక్స్‌పోర్ట్ చేస్తే ఒకదాని కింద ఒకటి పేర్చుకోవడమే పని. పైగా ఆయన పంపింది ఎంపీ3, సైజు తగ్గించడానికి కొంత శబ్దాన్ని వదిలేసే రకం ఫైలు. ఏదీ వదలని స్టీరియో వేవ్ ఫైలులో నిమిషానికి సుమారు 10 ఎంబీ ఉండాల్సింది 1 ఎంబీకి నలిగింది. దాన్ని తిరిగి వేవ్‌గా మార్చితే సైజు పెరుగుతుందే తప్ప పోయిన నాదం రాదు. వేవ్‌నే వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపి ఉంటే ఉన్నది ఉన్నట్టు వచ్చేది.

మన ఊరి స్టూడియోల వారికి మీ పత్రిక ద్వారా ఒక మనవి. ఫైలు ఇచ్చేటప్పుడు చిన్న చీటీ మీద నాలుగు ముక్కలు రాసివ్వండి: శాంపిల్ రేటు ఎంత, ఒక్కో శాంపిల్‌కి ఎన్ని బిట్లు, శ్రుతి ఎంత, సున్నా నుంచి ఉందా లేదా. దర్జీ కూడా గుడ్డకి కొలతల చీటీ గుచ్చి పెడతాడు కదా. అడిగితే "ఇవన్నీ మీకెందుకండీ" అంటారు. పాట నాది కాబట్టి!

కుర్రాడి మీద నాకు కోపం లేదు. ఫైలు మళ్లీ ఇంపోర్ట్ చేసి, ఈసారి మార్చమని నొక్కగానే పాట బుద్ధిగా 5లోకి దిగింది. మళ్లీ మొదటి నుంచి వాయించమన్నందుకు మృదంగం ఆయనే ఇంకా ముభావంగా ఉన్నారు.

- ఒక సంగీతం టీచరు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం