కుళాయి నీటి కఠినత్వం ఎంతో మాకు తెలియజేయండి: గ్రామీణ నీటి సరఫరా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ గ్రామీణ నీటి సరఫరా శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

పశ్చిమ ప్రకాశంలోని మా ఊరికి సాగర్ కుడికాలువ నీళ్లు వచ్చినన్నాళ్లు కుళాయి మీద ఎవరికీ ఫిర్యాదు ఉండదు. కాలువ కట్టేసి ట్యాంకును బోరు నీటితో నింపడం మొదలవగానే కందిపప్పు ఎంతసేపటికీ ఉడకదు, సబ్బు నురగ రాదు, గిన్నెలకూ గీజరు కాయిలుకూ తెల్లని గార కడుతుంది. నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాల వల్ల వచ్చే ఈ గుణాన్నే కఠినత్వం అంటారు. తాగడానికి ఇరవై లీటర్ల క్యాన్లు కొనుక్కుంటున్నారు కదా అని అనుకోవచ్చు గానీ, ఆ నీటితో ఎవరూ బట్టలు ఉతకలేరు, పిల్లలకు స్నానం చేయించలేరు. కాచి వాడుకోమనే సలహా కూడా బైకార్బొనేట్ల వల్ల వచ్చే తాత్కాలిక కఠినత్వానికే పనికొస్తుంది. సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చేది ఎంత మరిగించినా పోదు.

2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్ల నీటిని, అదీ తాగునీటికి జాతీయ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం ఇస్తామని చెప్పింది. ఆ ప్రమాణంలో మొత్తం కఠినత్వం, కాల్షియం కార్బొనేట్‌గా లెక్కిస్తే, లీటరుకు 200 మిల్లీగ్రాములకు మించరాదు; వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే 600 వరకు ఒప్పుకుంటారు. ఏడాదిలో కొంతకాలం కాలువ నీరు అందుతున్న ఊరిలో, ఆ నీటిని నిల్వ చేసుకునే వీలుండగా, 600 లోపే ఉంది కనుక ఫరవాలేదని సరిపెట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం.

కఠినత్వం తక్కువ ఉన్న బోరును వెతికి దానికి మారితే చాలదా అని ఎవరైనా సూచిస్తే, దయచేసి తొందరపడవద్దు. మా వైపు ఫ్లోరైడ్ బాధ ఎంతటిదో కనిగిరి పరిసరాలను చూసినవారికి తెలుసు. నీటిలో కాల్షియం ఎక్కువగా ఉన్నచోట ఫ్లోరైడ్ దానితో కలిసి కొంత అవక్షేపంగా దిగిపోతుంది. కాల్షియం తక్కువై సోడియం బైకార్బొనేట్ ఎక్కువైన నీటిలో అది కరిగే ఉండిపోతుంది. సబ్బు చక్కగా నురగనిచ్చే నీరే ఎముకలకు చేటు చేయవచ్చు. అందువల్ల ఏ బోరు విషయంలోనైనా కఠినత్వం, ఫ్లోరైడ్ అంకెలు రెండింటినీ పక్కపక్కన చూసి నిర్ణయించాలి.

మేము అడుగుతున్నది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. పల్లెల్లో మహిళలకు శిక్షణనిచ్చి అందజేస్తున్న పరీక్ష కిట్లలో కఠినత్వం, ఫ్లోరైడ్ రెండింటినీ చూసే సదుపాయం ఉంది. ట్యాంకు దగ్గర కాకుండా, చివరి వీధి కుళాయి దగ్గర పట్టిన నీటిని నెలనెలా పరీక్షించి, ఆ ఫలితాన్ని, అప్పటి నీరు కాలువదా బోరుదా అన్న వివరంతో సహా సచివాలయం గోడ మీద రాయించండి. కాలువ నీరు తగ్గే నెలల్లో దాన్ని పూర్తిగా ఆపేయకుండా, నిల్వ ఉన్నంతలో బోరు నీటితో కలిపి ఇచ్చేలా ఆదేశించండి. వెలిగొండ ప్రాజెక్టు సొరంగాల గుండా శ్రీశైలం నీరు వచ్చిన రోజున పొలాల కంటే ముందు మా ట్యాంకులకు వాటా ఖరారు చేయండి.

వచ్చే వేసవికి కాలువ కట్టేసేలోపు మొదటి ఫలితాలు గోడ మీదికి వచ్చేలా చూడవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
పశ్చిమ ప్రకాశం నుంచి ఒక గృహిణి