మంత్రి గారూ, మా మబ్బుల్ని కాస్త దగ్గర నుంచి చూడండి

కేంద్ర భూవిజ్ఞాన శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. హనుమకొండ నుంచి రాస్తున్నా. నేను శాస్త్రవేత్తను కాదు, మబ్బుల పిచ్చి ఉన్నవాణ్ణి. వానాకాలం వచ్చిందంటే మా వాట్సాప్ గ్రూపుల్లో "అన్నా, ఈ మబ్బు మనూరికొస్తదా, పత్తికి మందు కొట్టాల్నా వద్దా" అని అడుగుతుంటారు, నేను శాటిలైట్ ఫొటో, రాడార్ బొమ్మ చూసి తోచింది చెబుతుంటా. సూటిగా అడుగుతున్నా: వరంగల్ వైపు మాకో డాప్లర్ రాడార్ కావాలి, అంటే మబ్బు లోపల వాన ఎక్కడ ఎంత ఉందో, గాలి ఎటు కదులుతోందో చూసే యంత్రం. ఎందుకో చెప్పబోతే ఉత్తరం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

2023 జులై 27 పొద్దుటికి 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. పక్కనే భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5. అంతకుముందు రాష్ట్ర రికార్డు 2013 జులైలో వాజేడులో పడ్డ 517.5, అదీ మా వైపే. తెలంగాణకు ఏడాది మొత్తం మీద సగటున పడేది దాదాపు 900 మిల్లీమీటర్లు, అంటే అందులో డెబ్బై శాతం ఒక్క రోజులో ఒక్క ఊరి మీద దిగింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి జనం తెల్లారేసరికి మిద్దెల మీద ఉన్నారు. జంపన్నవాగు కొండాయిలో ప్రాణాలే తీసింది. ఇక్కడ వరంగల్‌లో రెండు రోజుల తర్వాత భద్రకాళి చెరువు కట్టకు గండి పడితే ఊరంతా టెన్షన్.

మీ శాఖ లెక్కలో 204.4 మిల్లీమీటర్లు దాటితే "అత్యంత భారీ వర్షం". మిల్లీమీటర్ల లెక్కన ఆ పైన ఇంకో మెట్టు లేదు. 210 పడినా అదే మాట, 650 పడినా అదే మాట. కానీ 210కి వాగు రోడ్డు మీదికొస్తుంది, 650కి ఇళ్ల పైకప్పుల దాకా వస్తుంది సార్.

అల్పపీడనం సంగతి అప్పుడు ఎవరికీ తెలియక కాదు, టీవీల్లో ముందే చెప్పారు. ఉత్తరాంధ్ర, దక్షిణ ఒడిశా తీరం దగ్గర ఏర్పడి పడమరగా కదిలే అల్పపీడనానికి నైరుతి వైపునే వాన ఎక్కువ పడుతుంది, ఆ నైరుతి అంటే మా ములుగు, భూపాలపల్లి, వరంగలే. ఇంతవరకు మీవాళ్లు బాగానే చెబుతారు, అందులో తప్పు పట్టను. అయితే అల్పపీడనం వందల కిలోమీటర్ల వ్యవహారం, మమ్మల్ని ముంచేది దాని లోపల కొన్ని పదుల కిలోమీటర్ల వెడల్పున ఏర్పడే మబ్బుల పట్టీ.

ఒంటరి ఉరుముల మబ్బు బతికేది గంటలోపే. పైకి లేస్తుంది, కురుస్తుంది, కూలిపోతుంది. కూలేటప్పుడు మాత్రం ఊరుకోదు. పడే వానలో కొంత గాల్లోనే ఆవిరై ఆ గాలిని చల్లబరుస్తుంది, చల్లబడి బరువెక్కిన గాలి దభాలున కిందికి దిగి నేల మీద నలువైపులా పరుచుకుంటుంది. వానకు ముందు ముఖాన కొట్టే ఆ చల్లటి ఈదురుగాలి అదే. దాని అంచు ఎదురుగా ఉన్న వెచ్చటి తేమ గాలి కిందికి దూరి దాన్ని పైకెత్తితే అక్కడ కొత్త మబ్బు పుడుతుంది. కింద గాలి ఒక దిక్కున, పైన గాలి ఇంకో దిక్కున, ఇంకో వేగంతో ఉంటే ఈ పుట్టుకలు చెల్లాచెదురుగా కాకుండా ఒకే అంచు వెంట వరసగా జరుగుతాయి, దాంతో మబ్బులు గుంపు కట్టి, పట్టీగా సాగి, ఆరేడు గంటలు, కొన్నిసార్లు రోజంతా బతుకుతాయి. వెనకాల పలచటి మబ్బు వందల కిలోమీటర్లు పరుచుకుని మనం ముసురు అనుకునే వాన కురిపిస్తూ ఉంటుంది.

అసలు ముప్పు ఎప్పుడంటే, పట్టీ పొడుగ్గా సాగి ఉన్న దిక్కూ అందులోని మబ్బులు కదిలే దిక్కూ ఒకటే అయినప్పుడు. అప్పుడు కొత్త మబ్బు వెనక కొసన పుడుతుంది, పట్టీ వెంటే నడిచి ఒకే ఊరి మీద కురిసి పోతుంది, దాని వెనక ఇంకోటి, ఆ వెనక మరోటి. కాజీపేట స్టేషన్‌లో గూడ్సు బండి బోగీలు ఒక్క స్తంభం ముందు నుంచే పోతుంటాయి చూడండి, అట్లా.

దీన్ని శాటిలైట్ పట్టుకోలేదు. అది చూసేది మబ్బు నెత్తిని, అల్పపీడనం రోజున తెలంగాణ అంతా తెల్లగా ఒకటే దుప్పటి కనిపిస్తుంది. లోపల పట్టీ ఎటు పడిందో చూడాలంటే రాడారే గతి, మా వైపు ప్రధానంగా చూసేది హైదరాబాద్ రాడార్. అక్కడి నుంచి లక్ష్మీదేవిపేట సూటిగా 180 కిలోమీటర్లు. భూమి గుండ్రం కాబట్టి రాడార్ అర డిగ్రీ పైకి వాల్చి పంపిన కిరణం అక్కడికి చేరేసరికి నేలకు మూడున్నర కిలోమీటర్ల పైన ఉంటుంది, ఏటూరునాగారం చేరేసరికి ఐదు. పట్టీని పుట్టించే చల్లగాలి అంచు, గాలులు ఒకచోట కలవడం, ఇదంతా జరిగేది కింది ఒకటి రెండు కిలోమీటర్లలో! అదే రాడార్ వరంగల్‌లో ఉంటే లక్ష్మీదేవిపేట యాభై కిలోమీటర్ల దూరమే, కిరణం నేలకు ఆరేడు వందల మీటర్ల ఎత్తులోనే పోతుంది. ఇది ఇంటర్ పిల్లలు వేసే లెక్క, పెద్ద సైన్సు కాదు.

పెద్ద పట్టీల విషయంలో మన దేశం వెనకబడింది లేదు. భూమధ్యరేఖ దగ్గర పుట్టే మబ్బుల పట్టీ వారాల తరబడి ఉత్తరానికి జరుగుతూ మన రుతుపవనాన్ని నడిపిస్తుందని శాటిలైట్ ఫొటోలు చూసి 1980లోనే మన వాతావరణ శాస్త్రవేత్తలు సిక్కా, సులోచనా గాడ్గిల్ రాశారు. వానలు జోరందుకోవడం, మధ్యలో ముఖం చాటేయడం చాలావరకు ఆ పట్టీ పుణ్యమే. మీరు 2025 మేలో ప్రారంభించిన వాతావరణ అంచనాల భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టం నేలను ఆరు కిలోమీటర్ల గళ్లుగా విడగొట్టి లెక్కవేస్తుంది, సంతోషం. కానీ ఉరుముల మబ్బులో పైకెగసే గాలి పాయ వెడల్పు చాలాసార్లు ఒకటి రెండు కిలోమీటర్లే, అది ఆ గడిలో ఇమిడిపోతుంది. పైగా రేపటి అంచనా వేరు, రాబోయే రెండు మూడు గంటల హెచ్చరిక వేరు. రెండోదానికి కళ్ల ముందు రాడార్ బొమ్మ ఉండాల్సిందే.

డబ్బు లేదనకండి. వాతావరణ అంచనాలు మెరుగుపరిచే మిషన్ మౌసంకు 2024 సెప్టెంబరులో కేబినెట్ రెండేళ్లకు 2,000 కోట్లు ఇచ్చింది, అందులో రాడార్లు పెంచడం ప్రధానమైన పని. స్థలానికీ కొదవ లేదు, ఎన్ఐటీ ఉంది, కాకతీయ యూనివర్సిటీ ఉంది, చూసే పిల్లలూ ఉన్నారు. 2025 అక్టోబరులో మొంథా తుపాను కోస్తాలో తీరం దాటితే మునిగింది వరంగల్ కాలనీలు. మా వంతు ఎప్పుడని ఇంకా అడగాల్సి రావడమే బాధ.

రాడార్ వచ్చేలోపు ఇంకో పని చేయండి, దానికి పెద్ద ఖర్చు లేదు. హెచ్చరిక జిల్లా పేరుతో కాకుండా వాగు పేరుతో ఇవ్వండి, తెలుగులో. "ములుగు జిల్లాకు రెడ్ అలర్ట్" అంటే జంపన్నవాగు ఒడ్డున ఉన్నవాడికి ఏం అర్థం కావాలి? రాష్ట్రం దగ్గర వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి, వాగు ఎగువన రెండు గంటల్లో ఎంత పడిందో వాటికి తెలుసు, దిగువన ఏ ఊళ్లున్నాయో తహసీల్దార్లకు తెలుసు. ఈ రెండూ కలిపి అర్ధరాత్రి ఫోన్లు మోగించే బాధ్యత ఎవరిదో, మీదా, రాష్ట్రానిదా, ముందు అదొక్కటి తేల్చి ఈ జూన్‌లోపు చెప్పండి.

ఇట్లు,
హనుమకొండ నుంచి ఒక మబ్బుల పిచ్చోడు